లౌస్ట్ ఇంటి పచ్చ రేడియో

ఐగిల్ టోఫ్ట్‌కి జీవితం మొత్తం మీద గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఒకే ఒక్క విషయం. దాన్ని ఆయన బోర్డు మీద రాసి మరీ గోడకి తగిలించుకున్నాడు. రేవు వీధిలో ముప్పయ్యెనిమిదేళ్ళు రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు నడిపాడు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా కనిపించేలా, నీలం మీద తెల్లక్షరాలతో, "ఇక్కడ బాగైనది తిరిగి రాదు" అని ఉండేది.

మా పడమటి జట్లాండ్ తీరంలో ఇలాంటి బోర్డు పెట్టుకోవాలంటే సిగ్గు పూర్తిగా వదిలేసి ఉండాలి. ఇక్కడ పడవ మునిగేటన్ని చేపలు తెచ్చినవాడు కూడా రేవులో దిగి "ఉత్త చేతుల్తో అయితే రాలేదు" అంటాడు. పెళ్ళికూతురు ఎంత అందంగా ఉన్నా "చూడలేనంతగా ఏం లేదు" అనడమే మాకు తెలిసిన పొగడ్త. అయినా ఊరు ఐగిల్ బోర్డుని సహించింది. ఎందుకంటే అది నిజం. ఆయన చేతిమీదుగా వెళ్ళిన పెట్టె ఒక్కటి కూడా అదే జబ్బుతో వెనక్కి వచ్చిన పాపాన పోలేదు. కొట్టు మూసేశాక ఆ బోర్డుని ఇంటికి మోసుకొచ్చి గ్యారేజీలో పనిబల్ల పైన తగిలించాడు. గ్యారేజీలో నలభై ఒక్క రేడియోలు ఉంటాయి. కారు బయట వానలో ఉంటుంది.

నలభై రెండోది రాకూడదని ఆయన భార్య హెర్డిస్ తీర్మానం. ఒకటి లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. "లేదా నువ్వు పో, నాకేం అభ్యంతరం లేదు" అని కూడా అంది. అందుకని సెప్టెంబరులో ఒక సోమవారం, సహకార దుకాణం తలుపు పక్కన అట్ట మీద గుచ్చిన చీటీ చదవగానే ఐగిల్ చుట్టూ చూసి, దాని మీద పిల్లిపిల్లల ప్రకటన ఒకటి జరిపి కప్పేశాడు. డెబ్బయ్యారేళ్ళ మనిషి, చర్చి కమిటీలో సభ్యుడు.

చీటీ లౌస్ట్ భార్య డాగ్నీది. లౌస్ట్ వసంతకాలంలో పోయాడు. ఆవిడ పెద్ద ఇల్లు ఖాళీ చేసి, చర్చి పక్కనున్న రెండు గదుల వాటాలోకి మారుతోంది. చీటీలో ఇలా ఉంది: "పాత రేడియో. హావోర్న్ ఆరో నంబరు. పచ్చరంగు. పూర్తిగా బాగుందని చెప్పలేను. ఎనిమిది వందల క్రోనర్లు."

హావోర్న్ ఆరో నంబరు! చేపల పడవల కోసం ఒకప్పుడు తయారుచేసిన షార్ట్‌వేవ్ రిసీవర్ అది. పడవలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే బ్యాండు దగ్గర్నుంచి ప్రపంచం అవతలి స్టేషన్ల దాకా అన్నీ పట్టేది. కొత్త సెట్లు రాగానే మావాళ్ళు వీటిని రేవు గోడ మీంచి నీళ్ళలోకి గిరాటేశారు. ఇప్పుడు వాటి కోసం ఏడుస్తున్నాం. ఐగిల్ ఇరవయ్యేళ్ళుగా ఒక్కటి దొరక్కపోతుందా అని వెతుకుతూనే ఉన్నాడు. మా గురువారం రేడియో సంఘంలో ఆయన దాని గురించి మాట్లాడే తీరు చూసి, ఆ పేరు గల ఆడమనిషి ఎవరో ఉండేదేమో అని కొత్తవాళ్ళు అనుకునేవారు.

ఫోన్ చేస్తే డాగ్నీ, "మంగళవారం రా. బుధవారం పదింటికి ప్రేబెన్ కూడా వస్తానన్నాడు" అంది.

ప్రేబెన్ రిటైరైన బడిపంతులు. ఊళ్ళో రేడియోలు పోగేసేవాళ్ళలో ఐగిల్ తర్వాత ఆయనే. ఈ మాటని ఆయన ముందు అనకూడదు.

మంగళవారం మధ్యాహ్నం ఐగిల్ డాగ్నీ ఇంటి ముందు కారాపి, అద్దంలో చూసుకుని మొహం సర్దుకున్నాడు. రేడియో కొనేవాడికి కావలసిన మొదటి పనిముట్టు మొహమే. దాని మీద ఆశ కనిపించిందో, ధర పెరుగుతుంది. కాస్త విసుగు, కాస్త జాలి, ఇంకెక్కడో పనున్నట్టు తొందర, ఇవన్నీ కలిపి మొహానికి పట్టించాడు. అద్దంలో చూస్తే కడుపునొప్పి వచ్చినవాడిలా ఉంది. సరే, అదీ పనికొస్తుందిలే అనుకున్నాడు.

వెళ్ళగానే రేడియో దగ్గరికి పోవడం మర్యాద కాదు. ముందు కాఫీ, జున్ను పెట్టిన బన్ను. రెండో కప్పు అయ్యేదాకా వచ్చిన పని ఎత్తకూడదు. రేడియో కిటికీ గట్టు మీద ఉంది. లౌస్ట్ దాని పెట్టెకి పడవకి వేయగా మిగిలిన పచ్చరంగు బ్రష్షుతో దట్టంగా పూసేశాడు. ఐగిల్ అటు చూడకుండా వాన గురించి, చర్చి కొత్త పైకప్పు గురించి మాట్లాడాడు. చూపు మాత్రం మాట వినడం లేదు.

"చూస్తావా మరి?" అంది డాగ్నీ.

"దేన్ని? ఆ, రేడియోనా. వచ్చాను కదా, చూస్తే పోలా."

అని, అనుకోకుండా జేబులో ఉండిపోయినట్టు స్క్రూడ్రైవరు తీశాడు. తర్వాత అనుకోకుండానే టార్చి, మీటరు, ఏరియల్ కోసం పది మీటర్ల వైరు బయటికొచ్చాయి. డాగ్నీ అల్లిక పట్టుకుని ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆవిడ మొహంలో ఏమీ తెలియలేదు. ఈ ఊళ్ళో మొహాల్లో ఏదైనా తెలిస్తే డాక్టర్ని పిలుస్తారు.

రేడియో పెట్టగానే మోగింది. బొంగురుగా, వెచ్చగా, వాల్వుల సెట్టుకి మాత్రమే ఉండే గొంతు. ఐగిల్ గుండె ఒక్కసారి గంతేసింది. మొహం విసుగ్గానే ఉంది. ఎక్కడో రష్యను మాట, ఎక్కడో వాయులీనం, మధ్యలో సముద్రపు హోరులాంటి చప్పుడు. వింటూ, మధ్యమధ్య నిట్టూరుస్తూ కూర్చున్నాడు. మా వాళ్ళకి నిట్టూర్పులో కూడా చేయి తిరిగి ఉంటుంది. చిన్న నిట్టూర్పుకి యాభై, పెద్దదానికి వంద చొప్పున ధర తగ్గుతుందని లెక్క.

ముప్పావుగంట కాకుండానే గొంతు సన్నబడింది. ఒక ఈల మొదలై, ఆ ఈల కూడా పోయి, సెట్టు నోరు మూసుకుంది.

"వేడెక్కితే అంతే. ఎడంపక్క కొడితే ఒక్కోసారి వస్తుంది" అంది డాగ్నీ అల్లిక మీంచి తలెత్తకుండా.

"కొట్టడమా!" అన్నాడు ఐగిల్, బిడ్డని కొట్టమన్నట్టు. ప్లగ్గు తీసి, పెట్టె వెనక అట్ట విప్పి, టార్చి వేశాడు. జబ్బు దొరకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. కండెన్సరు అనే చిన్న భాగాన్ని ఎవరో మార్చారు. సైజు సరిపోనిది పెట్టి, కదలకుండా వల అల్లే దారంతో ఓ ముడేశారు. దాని కాలు దగ్గర సీసం టంకం ముద్దలా, బూడిదరంగులో, మెరుపన్నది లేకుండా అతుక్కుని ఉంది. పట్టని టంకం. వేడెక్కితే వదిలేస్తుంది, కొడితే తగులుతుంది. కొత్తగా పనిలో చేరినవాడికి మొదటివారం నేర్పేది ఇలా చెయ్యొద్దనే.

అంతే, ఐగిల్‌కి పూనకం వచ్చింది. అందులో సగం బేరం కోసమే. మిగతా సగం మాత్రం నిజం. చెడ్డ పని చూస్తే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

"చూడు డాగ్నీ, ఇది చూడు! దీన్ని టంకం అంటారా? కాకి రెట్ట వేసినట్టుంది. వీడెవడో గుర్రాలకి నాడాలు కొట్టేవాడై ఉంటాడు."

"అంత ఘోరంగా చేశాడా?"

"ఘోరమా? దారంతో కట్టాడు తల్లీ, దారంతో! మాంసం కూరిన సాసేజి అనుకున్నాడు కాబోలు. ఇలాంటివాడి చేతికి ఇస్త్రీపెట్టె కూడా ఇవ్వకూడదు, టంకం వేసే కడ్డీ ఎవరిచ్చారో! చదువుకున్నవాడు కాదు, నేర్చుకున్నవాడు కాదు, కనీసం సిగ్గయినా ఉన్నవాడు కాదు. డబ్బులు కూడా తీసుకునే ఉంటాడు వెధవ."

"తీసుకునే ఉంటాడు" అంది డాగ్నీ, ఒక కుట్టు లెక్కపెట్టుకుంటూ.

"మీ ఆయన వెళ్ళి వాడి కొట్టు ముందు నిలబడి కడిగెయ్యాల్సింది."

"ఆయనకి అలా కడగడం చేతకాదు."

"అందుకే ఇలాంటి వాళ్ళు బతికిపోతున్నారు. నా దగ్గరికి తెచ్చి ఉంటే..." అని ఐగిల్ తల అడ్డంగా ఊపి, అన్నిటికన్నా పెద్ద నిట్టూర్పు తీసి, "ఎనిమిది వందలు అన్యాయం. దీనికి ఎంత పని చెయ్యాలో. ఐదొందలు" అన్నాడు.

"నువ్వు చెప్తున్నావు కాబట్టి, సరే. ఐదొందలే ఇవ్వు."

లోపల ఐగిల్ గాల్లో తేలాడు. ఇరవయ్యేళ్ళ కల, ఐదొందలకి! ఇంక డబ్బు తీసివ్వడమే. కానీ మా రేడియోగాళ్ళ జాతికి ఒక రోగం ఉంది. వెనక అట్ట విప్పాక, ఆఖర్న చూడాల్సింది చూడకుండా మూయలేం. ఇక్కడ రేడియో బాగుచేసిన ప్రతివాడూ పని అయ్యాక, భాగాలన్నీ బిగించి ఉండే చాసిస్ రేకు అడుగున పెన్సిలుతో తేదీ, పేరు మొదటక్షరాలు రాస్తాడు. తర్వాత విప్పేవాడికి ముందెవరు చెయ్యిపెట్టారో తెలియాలని. మా గురువారం సంఘంలో కొత్త సెట్టు ఏదొచ్చినా అందరం చుట్టూ మూగి విప్పి, ఆ సంతకాలు పైకి చదువుతాం. పని బాగుంటే చప్పట్లు, లేకపోతే వారం పాటు నవ్వులు. చదివేది ఎప్పుడూ ప్రేబెనే. బడిపంతులు గొంతు కదా.

ఆ దారం ముడి వేసిన మహానుభావుడెవరో చూద్దామని ఐగిల్ చాసిస్ కాస్త వంచి టార్చి అడుగుకి పట్టాడు.

1-5-94. ఐ.టో.

పడవ తెరచాప కొయ్యలా నిటారుగా లేచి, పైన పొడుగ్గా కప్పు వేసిన ఆ రెండో అక్షరం, టోఫ్ట్‌లోని T. అలా రాసేవాడు ఈ తీరం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు.

ఐగిల్ కూతురు చర్చిలో అందరి ముందూ విశ్వాసం ప్రకటించే కన్ఫర్మేషన్ రోజది. తొమ్మిదిన్నరకి చర్చి. ఎనిమిదిన్నరకి రేవు నుంచి ఎవరో పెట్టె లేకుండా ఉత్త చాసిస్‌ని చేపల బుట్టలో పెట్టి తెచ్చారు, ఆదివారం అయినా చేసిపెట్టమని. ఐగిల్ కొత్త సూటులో, కొత్త చొక్కాలో, టై మీద టంకం చుక్క పడకుండా ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో పది నిమిషాల్లో పని ముగించాడు. బయట హెర్డిస్ కారు హారను మోగిస్తూనే ఉంది. సరైన కండెన్సరు సోమవారం వస్తుంది, అప్పుడు మారుద్దాం అనుకున్నాడు. సోమవారం వచ్చింది, ఆయన మర్చిపోయాడు. పచ్చరంగు పెట్టె ఆయన ఎప్పుడూ చూడనే లేదు, గుర్తుపట్టడానికి.

"ఏమైంది? మొహం పాలిపోయింది" అంది డాగ్నీ.

"ఏం లేదు. దుమ్ము."

తేలు కుట్టిన దొంగలా చాసిస్ సర్ది, అట్ట బిగించి, రేపటిదాకా ఆలోచించుకుంటానని గొణిగి, ఇచ్చిన మూడో కప్పు కాఫీ కూడా తాగకుండా బయటపడ్డాడు. వైరు అక్కడే మర్చిపోయాడు.

కారు రేవు గట్టు మీద ఆపి కూర్చున్నాడు. వాన అద్దం మీద కారుతోంది. కొనకపోతే రేపు పదింటికి ప్రేబెన్ కొంటాడు. గురువారం సంఘం కూడే మంచు ఫ్యాక్టరీ గదిలో, పాతిక మంది ముందు, ఆ గొంతుతో, ఆ తేదీ, ఆ అక్షరాలు చదువుతాడు. ముప్పయ్యెనిమిదేళ్ళ పేరు మూడు నిమిషాల్లో మట్టిలో కలుస్తుంది. కొంటే? గ్యారేజీలో పావుగంట పని, రబ్బరుతో రెండు తుడుపులు. ప్రపంచంలో ఎవడికీ తెలియదు. ఇరవయ్యేళ్ళుగా కోరుకున్నది చేతికొస్తుంది, పేరూ నిలబడుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? అయినా కారు స్టార్టు చెయ్యబుద్ధి కాలేదు. "గుర్రాలకి నాడాలు కొట్టేవాడు" అన్న మాట చెవిలో మోగుతోంది. తిట్టేటప్పుడు ఎంత సొంపుగా ఉందో ఆ మాట!

సాయంత్రం భోజనంలో ఉప్పుచేప, బంగాళాదుంపలు మాట్లాడకుండా తినేశాడు. హెర్డిస్ ఫోర్కు పక్కన పెట్టింది.

"నలభై రెండోది ఎక్కడుంది?"

"ఇంకా కొనలేదు."

"కొనలేదా? ఒంట్లో బాగాలేదా?"

కొంచెం కొంచెంగా మొత్తం కక్కాడు. హెర్డిస్ చివరిదాకా విని, ఈ మధ్య మొహంలో కనపడనంత సంతోషంతో, "ఆగాగు, నన్ను అర్థం చేసుకోనీ. నువ్వు చెడగొట్టిన రేడియో, నువ్వే చెడగొట్టావు కాబట్టి, ఆ మొగుడు పోయిన మనిషి దగ్గర మూడొందలు తగ్గించుకున్నావు. అంతేగా?" అంది.

"అప్పుడు తెలియదుగా!"

"ఇప్పుడు తెలుసుగా."

"చెప్తే బోర్డు ఏమవుతుంది హెర్డిస్?"

"కోళ్ళగూటికి తలుపు లేదు. సరిగ్గా సరిపోతుంది."

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదని రాయాలని ఉంది గానీ అబద్ధం. హాయిగా గురకపెట్టి పడుకున్నాడని హెర్డిస్ చెప్పింది. కష్టం పొద్దున లేచాక మొదలైంది. ఎనిమిదింటికి గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుని, ఎనిమిది వందలు పూర్తిగా ఇచ్చేస్తాను, ఇంకేం మాట్లాడను, అదీ న్యాయమే కదా అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. ఎనిమిదిన్నరకి డాగ్నీ తలుపు తట్టాడు. కాఫీ కూడా వద్దన్నాడు. అప్పుడే ఆవిడకి అనుమానం వచ్చి ఉండాలి.

నోట్లు బల్ల మీద పెట్టాడు.

"ఇవి ఎనిమిదొందలు" అంది డాగ్నీ. "నిన్న ఐదన్నావు."

"ఇంటికెళ్ళి ఆలోచిస్తే... మరీ అంత చెడ్డదేం కాదనిపించింది."

"గుర్రాలకి నాడాలు కొట్టేవాడి పనేగా?"

ఐగిల్ టోపీ చేతుల్లో రెండుసార్లు తిప్పాడు. జేబులో రబ్బరు ఉంది, అది తొడకి గుచ్చుకుంటోంది. కిటికీ గట్టు మీద పచ్చరంగు పెట్టె ఆయన వైపే చూస్తున్నట్టుంది. అప్పుడింక ఆగలేకపోయాడు.

"డాగ్నీ, అది చేసింది నేనే."

"తెలుసు."

"తెలుసా?"

"లౌస్ట్ ఎవరి దగ్గరికి పంపాడో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నిన్న నిన్ను ఆపుదామనే అనుకున్నా ఐగిల్. కానీ మరీ బాగా తిడుతున్నావు. ఆపబుద్ధి కాలేదు." ఆవిడ పెదవి చివర కాస్త కదిలింది. "లౌస్ట్ ఉండి ఉంటే కుర్చీలోంచి పడి నవ్వేవాడు."

డాగ్నీ కూర్చోమనకుండానే ఐగిల్ కూర్చున్నాడు. "మరి వెనక్కి ఎందుకు తేలేదు? చెప్పి ఉంటే ఆ రోజే చేసిచ్చేవాణ్ణి."

"తెచ్చాడు. రెండుసార్లు తోపుడుబండి మీద పెట్టుకుని తెచ్చాడు. మొదటిసారి నువ్వు ఎవరో జర్మన్ యాత్రికుడికి బోర్డు చూపించి, ఇన్నేళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదు అని చెప్తున్నావట. బండి బయటే ఉంచి, లోపలికి వచ్చి, టార్చికి బ్యాటరీలు కొనుక్కుని వచ్చేశాడు. రెండోసారి కూడా బ్యాటరీలే. 'మొదటివాణ్ణి నేను కాలేను డాగ్నీ, బోర్డు అంత పెద్దగా రాసుకున్నాడు' అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు."

"పాతికేళ్ళు అలాగే విన్నారా?"

"అలవాటైపోయింది. సాయంత్రం ఏడింటికి పడవలవాళ్ళు మాట్లాడుకోవడం మొదలెట్టేవాళ్ళు కదా, ఎవరికెన్ని పడ్డాయని అబద్ధాలాడుకోవడం. ఏడుంబావుకి అందరూ పోగయ్యేవాళ్ళు. ఏడూ నలభైకి ఇది నోరు మూసుకునేది. అప్పుడు కాఫీ తాగేవాళ్ళం, ఇది చల్లారేదాకా." డాగ్నీ అల్లిక ఒళ్ళోకి దించింది. "ఒక్కటే బాధగా ఉండేది ఆయనకి. వాళ్ళ తమ్ముడు క్రెస్టెన్ అందరికన్నా చిన్న పడవవాడు. పెద్దవాళ్ళందరూ అయ్యాక ఆఖర్న మాట్లాడేవాడు. చాలాసార్లు క్రెస్టెన్ గొంతు ఆ కాఫీలోనే పోయేది. లౌస్ట్ పెట్టెని కొట్టి చూసేవాడు. ఒక్కోసారి వచ్చేది. ఒక్కోసారి మళ్ళీ తగిలేసరికి వాడు శుభరాత్రి చెప్పేస్తూ ఉండేవాడు."

పాతికేళ్ళు. ఒక మనిషి తన తమ్ముడి గొంతు కోసం ప్రతి సాయంత్రం ఒక పెట్టెని కొడుతూ కూర్చున్నాడు, ఐగిల్ టోఫ్ట్ చిన్నబుచ్చుకోకూడదని. ఐగిల్ మాత్రం రేవు వీధిలో, ఆ బోర్డు కింద, తన పనితనం తల్చుకుని మురిసిపోతూ కూర్చున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఇప్పుడు కొంటావా, కొనవా?" అంది డాగ్నీ. "పదింటికి ప్రేబెన్ వస్తాడు."

ఐగిల్ నోట్లు తీసి జేబులో పెట్టుకున్నాడు. హావోర్న్ ఆరో నంబరు మళ్ళీ దొరకదని ఆయనకి తెలుసు. "కొనను. ఇది బాగుచెయ్యడానికి తిరిగొచ్చిన సెట్టు. అలాంటిదాన్ని బాగుచేసివ్వాలి గానీ నేను కొనుక్కోకూడదు. తర్వాత ప్రేబెన్‌కి అమ్ముకో. తొమ్మిదొందలు అడుగు. వాడు నిట్టూరిస్తే పట్టించుకోకు, అదంతా నాటకం."

కారు డిక్కీలోంచి పనిముట్ల పెట్టె తెచ్చాడు. అనుకోకుండా సరైన కండెన్సరు కూడా అందులో ఉంది. వల దారం కత్తిరించాడు. బూడిదరంగు ముద్దని కరిగించి తీసేసి, శుభ్రంగా గీకి, కొత్త కాలు పెట్టి టంకం వేశాడు. ఈసారి అది నీళ్ళలా పారి, మెరుస్తూ గట్టిపడింది. పావుగంట పని. తర్వాత జేబులోంచి పెన్సిలు తీశాడు. రబ్బరు తియ్యలేదు. పాత అక్షరాల కింద కొత్త తేదీ, మళ్ళీ ఐ.టో. పక్కన చిన్నగా, "రెండోసారి. తప్పు నాదే."

అప్పటికే ప్రేబెన్ వచ్చి వెనకాల నిలబడ్డాడు. వంగి, కళ్ళజోడు సర్దుకుని, అలవాటు కొద్దీ పైకే చదివాడు. సగంలో గొంతు ఆగిపోయింది. ఐగిల్ వైపు చూశాడు. ఏమంటాడోనని ఐగిల్ భుజాలు ముడుచుకున్నాడు.

"గంట సేపు పెట్టి చూద్దామా?" అన్నాడు ప్రేబెన్.

ముగ్గురూ కూర్చుని విన్నారు. నలభై నిమిషాలు దాటినా ఈల లేదు. పదకొండు దాటింది, పచ్చ పెట్టె మాట్లాడుతూనే ఉంది. కాఫీ ఎప్పుడు పెట్టాలో తెలియడం లేదని డాగ్నీ రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చుంది. ప్రేబెన్ తొమ్మిదొందలు ఇచ్చాడు. ఒక్కటంటే ఒక్క నిట్టూర్పే వదిలాడు.

గురువారం ఐగిల్ ఎవరైనా అడిగేదాకా ఆగలేదు. మేమందరం మంచు ఫ్యాక్టరీ గదిలో చేరేసరికి బోర్డు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రేబెన్ నోరు తెరవకముందే తనే మొత్తం చెప్పాడు. కాకి రెట్ట, సాసేజి, నాడాలు, మూడొందల బేరం, ఏదీ దాచలేదు. తనని తను తిట్టుకోవడంలో కూడా కాస్త గొప్ప ఉందని నాకనిపించింది గానీ, అది ఆయన స్వభావం, పోనీలే అనుకున్నాను. నవ్వాం. కానీ మేం ఎప్పుడూ నవ్వేంత నవ్వలేదు. లౌస్ట్ తోపుడుబండి దగ్గరికి వచ్చేసరికి గదిలో చాలామంది తమ బూట్లు చూసుకుంటున్నారు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి హెర్డిస్ కర్టెను తీసి, "ఐగిల్, నువ్వు గానీ చచ్చిపోయావా? ఇంటి ముందు జనం ఉన్నారు" అంది.

ఐగిల్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. వానలో ఏడుగురు మనుషులు, చేతుల్లో గుడ్డలు కప్పిన పెట్టెలు. ముందున్నది పాత సరంగు సేయర్. చేతుల్లో చెక్క రేడియో, మీద తువ్వాలు. వెనకాల మాంసం కొట్టాయన, ఆయన పక్కన లైట్‌హౌస్‌లో చేసిన ముసలాయన. నాలుగోవాణ్ణి నేను. నా చేతుల్లో ఎనభై ఏడులో ఐగిల్ బాగుచేసిచ్చిన సెట్టు ఉంది. దానికి బాస్ మీట తిప్పి మోత పెంచితే గురక వస్తుంది. మా ఇంట్లో ముప్పయ్యేళ్ళుగా ఎవరూ బాస్ పెంచరు. ఆఖర్న గొడుగు కింద ప్రేబెన్ కూడా ఉన్నాడు, వేరే పెట్టెతో.

సేయర్ గొంతు సవరించుకున్నాడు. "అంత చెడ్డగా ఏం లేదు. కాస్త బుసబుసమంటుంది, ఎనభై ఎనిమిదిలో నువ్వు బాగుచేసిన దగ్గర్నుంచి. తొందరేం లేదు, నీ వీలు చూసుకుని చెయ్యి."

ఐగిల్ మా మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. కొట్టు మూశాక తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గరికి పనితో ఎవరూ రాలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. గాలి ఎక్కువగా ఉందన్నాడు. గాలి లేదు. తలుపు బార్లా తెరిచి, బల్ల మీద చెయ్యి పెట్టుకోవడానికి చోటు చేసి, కొట్లో అడిగినట్టే అడిగాడు.

"ముందెవరొచ్చారు?"

"అందరం కలిసే వచ్చాం ఐగిల్," అన్నాడు సేయర్. "ఒక్కళ్ళమే రావాలంటే ఇన్నేళ్ళూ మొహమాటమేసింది."